ఏప్రిల్ తరుగు

ఐసు ఫ్యాక్టరీ లెక్కల పుస్తకంలో
మార్చి పద్దు వెనక పేజీ ఖాళీగా ఉంటే
అక్కడ రాశాను:
ఐస్‌లాండ్, ఐదు రాత్రులు.

నవ్వకండి.
నర్సాపురం రేవు పక్కన ఇరవై రెండేళ్లుగా
ఐసు డబ్బులు లెక్కపెట్టిన మనిషిని.
యాభై కిలోల దిమ్మ ఎన్ని గంటల్లో గట్టిపడుతుందో
రొయ్యల లారీ భీమవరం దాటేసరికి ఎంత నీరవుతుందో
వేళ్ల మీద చెబుతాను.
కానీ ఎవరూ చెయ్యని ఐసు,
ఉప్పునీటి తొట్టి లేకుండా, అమ్మోనియా ఘాటు లేకుండా,
నెలనెలా కరెంటు బిల్లు రాకుండా
తనంతట తానే పేరుకున్న ఐసు
ఒక్కసారి చూడాలని
ముందు అన్నది ఆయనే.
కంప్రెసర్ ఆపి, చెవుల్లో దూది తీసి
"అక్కడ చప్పుడుండదేమోనే" అన్నాడు.

చీటీ పాడాను. అరవై వేలు వదులుకుని పాడాను.
"ఇల్లు లేపుతున్నావా?" అంది వీరవేణి.
చలికి వెళ్తున్నాం అన్నాను.
కాసేపు నా మొహం చూసి కిళ్లీ మడుచుకుంది.

ఏప్రిల్ పదిహేనుకి వేట నిషేధం.
బోట్లన్నీ రేవులో బోర్లా నిద్రపోతాయి,
ఐసు అడిగేవాడుండడు.
చెరువుల లెక్క వీరవేణి చూసుకుంటానంది.
మనకి అప్పుడు వడగాలి.
వాళ్లకి అప్పుడే వసంతమట.
ఒక పిట్ట వచ్చి వాలితే చలికాలం పోయినట్టు లెక్కట.
బొమ్మ చూశాను, వీపు నిండా బంగారు చుక్కలు.
దాని దాయాది పిట్ట
మన ఉప్పుమళ్లలో చలికాలమంతా పురుగులేరుకుని
ఏ ఏప్రిల్లోనో చెప్పకుండా లేచిపోతుంది.
దానికి టిక్కెట్టు లేదు,
హైదరాబాదులో అపాయింట్‌మెంటూ లేదు.

మొదటి రాత్రి రాజధాని. తొమ్మిదైనా పొద్దు కుంకదట.
చీకటి పడితేగాని ఆయనకి ముద్ద దిగదు, ఎలాగో.
రెండు: వేడినీళ్ల బుగ్గలు. కొట్టేశాను.
ఉడుకు ఇక్కడ ఊరికే దొరుకుతుంది.
మూడు, నాలుగు: దక్షిణం రోడ్డు, నల్ల ఇసుక,
ఒడ్డుకి కొట్టుకొచ్చే ఐసు గడ్డలు.
ఐదు: ఏమీ రాయలేదు.

కారు అద్దెకి. అక్కడ కుడిపక్కన నడపాలి.
అందుకని తెల్లారి నాలుగింటికి
మొగల్తూరు కాలవ గట్టు మీద
ఐసు వ్యాను కుడివైపు తోలి అలవాటు చేసుకుంటున్నాడు.
ఎదురొచ్చిన పాలమనిషి సైకిలు కాలవలోకి దిగింది.
అతను తిట్టిన తిట్లు పద్దులో ఎక్కించలేదు.
పాల ఖరీదు ఎక్కించాను.

ఫారంలో భర్త పేరు అన్నచోట
ముప్పై ఏళ్లలో మొదటిసారి నా చేత్తో రాశాను:
కొల్లాటి బుల్లెబ్బాయి.

వీసా ఆఫీసులో అద్దం మీద వేళ్లు పెట్టమన్నారు.
నావి పడ్డాయి. ఆయనవి పడలేదు.
తుడుచుకుని పెట్టమన్నారు. పడలేదు.
ఇన్నేళ్ల ఉప్పునీళ్లు, ఐసు
గీతలన్నీ అరగదీసేశాయి.
వేళ్ల మీద వేడిగా ఊదుకోండి అంది ఆ పిల్ల.
ఊదుకుంటూ నావైపు చూసి నవ్వాడు,
అప్పుడే అక్కడికి చేరిపోయినవాడిలా.
ఐదోసారికి మిషను మూడు వేళ్లు ఒప్పుకుంది.
మిగతావాటికి ఏదో రాసుకుని, చూద్దాం అన్నారు.

తిరుగు బస్సులో అడిగాడు:
"అక్కడ ఐసు కొండలు కరుగుతున్నాయంటగా,
ఆ తరుగు ఎవరి ఖాతాలో రాస్తారు?"
మా పుస్తకంలో తరుగుకి ఒక గడి ఉంది.
నూటికి పన్నెండు.
దాటితే ఓనరు అరుస్తాడు.
నాకు జవాబు తోచలేదు.
మొన్న పెదమైనవానిలంక వెళ్తే
సరుగుడు తోటలో రెండు వరసలు లేవు.
మూడో వరస మొదళ్ల చుట్టూ
నీళ్లు మామూలుగా ఆడుకుంటున్నాయి.

వీసా ఇంకా రాలేదు.
టిబెట్ వాళ్ల దగ్గర కొన్న స్వెటరు తొడుక్కుని
నిన్న ఐసు గదిలో అరగంట కూర్చొచ్చాడు.
సరిపోతుందా అంటే
"ఒంటికి సరే, చేతులకే" అన్నాడు.

గ్లౌజులు, రెండు జతలు. రాశాను.
కూడిక గీత ఇంకా గీయలేదు.